ఎస్‌ఎస్‌డీ స్లాట్‌లో పెట్టగానే ఫుటేజ్ నాస్‌లోకి వెళ్లాలి: యూడెవ్ స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోతోంది

తెరవెనుక (#1)

హైదరాబాద్‌లో టాక్ షో స్టూడియో. నాలుగు కెమెరాలు, నాలుగు హైపర్‌డెక్ స్టూడియో హెచ్‌డీ ప్రో రికార్డర్లు, ఒక్కోదాంట్లో 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ. రికార్డింగ్ ప్రోరెస్ 422 హెచ్‌క్యూ, 1080పీ25; డ్రైవ్‌ల ఫార్మాట్ ఎక్స్‌ఫ్యాట్. ఒక్కో రికార్డర్ (డెక్) నుంచి గంటకు 83 జీబీ వస్తుంది కాబట్టి రోజుకు మూడు గంటల షూట్ అంటే నాలుగు డెక్‌లూ కలిపి ఇంచుమించు 1 టీబీ. నాస్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడే స్టోరేజ్ పెట్టె) ఆరు హార్డ్ డిస్కుల రైడ్-జెడ్2 (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే అమరిక), నెట్‌వర్క్ 1 గిగాబిట్.

ఇప్పటిదాకా షూట్ అవ్వగానే ఎస్‌ఎస్‌డీలు ల్యాప్‌టాప్‌కి తగిలించి చేత్తో డ్రాగ్ చేస్తున్నారు. ఇక మీదట డ్రైవ్ స్లాట్‌లోకి తోస్తే చాలు, కాపీ, చెకింగ్ దానంతటదే జరగాలి, అయ్యాక లైటు వెలగాలి. ఉబుంటు (లైనక్స్) మెషీన్‌కి నాలుగు స్లాట్ల బే (డ్రైవ్‌లు తోసే అర) పెట్టాం. కొత్త డివైస్ తగలగానే స్పందించే యూడెవ్‌లో రూల్ రాసి, రన్ కింద స్క్రిప్ట్ ఇచ్చాను: డ్రైవ్‌ని ఒక ఫోల్డర్‌గా తెరువు (మౌంట్), కాపీ టూల్ ఆర్‌సింక్ నడుపు. చిన్న క్లిప్పులు పోతున్నాయి. పెద్ద కాపీ అయితే మధ్యలో ఆగుతోంది, ఎర్రర్ కూడా రావట్లేదు. స్క్రిప్టేమో మౌంట్ అయింది అంటుంది, టెర్మినల్‌లో చూస్తే ఆ ఫోల్డర్ ఖాళీ. ఎక్కడ తేడా కొడుతోంది?

బెజవాడ_బిట్స్ (#2)

రెండు లక్షణాలకీ మూలం ఒకటే. యూడెవ్ రన్ అనేది క్షణంలో అయిపోయే పనుల కోసం. డిఫాల్ట్‌గా ఒక ఈవెంట్‌కి 180 సెకన్ల గడువు, అది దాటితే లోపల ఏది నడుస్తున్నా చంపేస్తుంది. స్క్రిప్ట్ చివర ఆంపర్సండ్ పెట్టి బ్యాక్‌గ్రౌండ్‌లోకి నెట్టినా బతకదు, ఈవెంట్ ముగియగానే దాని పిల్ల ప్రాసెస్‌లన్నీ పోతాయి. ఇక మౌంట్ సంగతి: సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు నడిపే మేనేజర్) కింద నడిచే యూడెవ్‌కి సొంత మౌంట్ నేమ్‌స్పేస్, అంటే మౌంట్ల విడి జాబితా, ఉంటుంది. అక్కడ చేసిన మౌంట్ బయటివాళ్లకి కనిపించదు. అందుకే మీకు ఖాళీ ఫోల్డర్.

యూడెవ్‌కి కబురు చేరవేసే పని మాత్రమే ఇవ్వండి. రూల్‌లో యాక్షన్ యాడ్, సబ్‌సిస్టమ్ బ్లాక్, ఫైల్‌సిస్టమ్ ఉన్న పార్టిషన్, ఐడీ పాత్ మీ బే స్లాట్లదే. ఇవన్నీ సరిపోలితే సిస్టమ్‌డీ ట్యాగ్ తగిలించి, సిస్టమ్‌డీ వాంట్స్‌లో ఒక టెంప్లేట్ సర్వీస్ పేరు ఇవ్వండి. ఎట్ గుర్తు తర్వాత %k రాయండి, దాని స్థానంలో యూడెవ్ పార్టిషన్ పేరు, అంటే ఎస్‌డీబీ1 లాంటిది, పెడుతుంది. మౌంట్, కాపీ, చెకింగ్ అంతా ఆ సర్వీస్‌లోనే.

సర్వీస్‌లో మరవకూడనివి:

టైప్ వన్‌షాట్. దీనికి స్టార్ట్ టైమౌట్ డిఫాల్ట్‌గా ఉండదు, రెండు గంటలు నడిచినా ఎవరూ చంపరు.

బైండ్స్‌టూలో ఆ డివైస్ యూనిట్. కాపీ మధ్యలో ఎవరైనా డ్రైవ్ లాగేస్తే సర్వీస్ ఫెయిల్ అయి ఆగుతుంది, లేని డ్రైవ్ కోసం వేలాడుతూ కూర్చోదు.

ఆన్‌ఫెయిల్యూర్‌లో వేరే సర్వీస్, టెలిగ్రామ్ బాట్‌కి మెసేజ్ పంపడానికి.

రూల్‌లోనే యూడిస్క్స్ ఇగ్నోర్ విలువ 1 అని కూడా చేర్చండి. లేకపోతే ఉబుంటు డెస్క్‌టాప్ మీకంటే ముందే ఆ డ్రైవ్‌ని రాతకు వీలుండేలా మౌంట్ చేసేస్తుంది.

కోఠి_కేబుల్ (#3)

సాఫ్ట్‌వేర్ కంటే ముందు బే సంగతి చూసుకోండి. బయోస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐ ఉండాలి, ఒక్కో పోర్టుకీ హాట్ ప్లగ్ (మెషీన్ నడుస్తుండగానే డ్రైవ్ మార్చడం) ఆప్షన్ విడిగా ఆన్ చేయాలి. చాలా బోర్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది. లింక్ పవర్ మేనేజ్‌మెంట్ పాలసీని మ్యాక్స్ పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. లింకు నిద్రలో ఉంటే కొత్త డ్రైవ్ పెట్టినా కెర్నల్‌కి తెలియకపోవచ్చు, మనం యూడెవ్ రూల్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. బోర్డు పోర్టులతో విసిగిపోతే ఐటీ మోడ్‌లో (డ్రైవ్‌లని రైడ్ లేకుండా నేరుగా చూపే మోడ్) ఉన్న ఎల్‌ఎస్‌ఐ 9300-8ఐ లాంటి హెచ్‌బీఏ కార్డు వేసుకోండి, హాట్ స్వాప్‌లో తలనొప్పి ఉండదు.

యూఎస్‌బీ డాక్ వద్దు. కొన్ని డాక్‌లు డ్రైవ్ సీరియల్ నంబర్ దాచి తమ నంబర్ చూపిస్తాయి, కొన్ని లోడు పడగానే రీసెట్ అవుతాయి.

ఎవరూ లెక్కలోకి తీసుకోనిది కనెక్టర్ అరుగుదల. సాటా ప్రమాణం ప్రకారం బ్యాక్‌ప్లేన్ రకం (బే లోపల డ్రైవ్ నేరుగా గుచ్చుకునే) కనెక్టర్‌కి 500 సార్లు పెట్టి తీయడం వరకే హామీ. మామూలు సాటా కేబుల్ కొనకి 50 సార్లే. యూఎస్‌బీ-సీకి 10,000. మీ లెక్కలో ఒక్కో ఎస్‌ఎస్‌డీ రోజూ డెక్‌లో ఒకసారి, బేలో ఒకసారి ఎక్కుతుంది, అంటే డ్రైవ్ వైపు పళ్లు రోజుకు రెండుసార్లు అరుగుతాయి. రోజూ షూట్ ఉంటే ఎనిమిది నెలల పైచిలుకులో 500 దాటుతుంది. దాటగానే పోతుందని కాదు, అక్కడినుంచి కన్నేసి ఉంచాలి. డ్రైవ్ తన ఆరోగ్యం రాసుకునే స్మార్ట్ పట్టికలో 199వ అట్రిబ్యూట్, అంటే దారిలో డేటా చెడిన సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క, దాన్ని ప్రతి కాపీకి ముందూ తర్వాతా స్మార్ట్‌సీటీఎల్‌తో చదివి లాగ్‌లో రాయించండి. ఏ స్లాట్‌లో పెట్టినా ఒకే డ్రైవ్‌కి పెరుగుతుంటే తప్పు డ్రైవ్‌ది. ఏ డ్రైవ్ పెట్టినా ఒకే స్లాట్‌లో పెరుగుతుంటే తప్పు బేది. ఆ అంకె తగ్గేది కాదు, అందుకే తేడానే చూడాలి.

డేటా_చిట్టా (#4)

కాపీ చేయించడం సులువే. ఏ డ్రైవ్‌లో ఏ కెమెరాది ఏ షూట్‌ది ఉందో మెషీన్‌కి తెలియడమే అసలు పని. దీనికి మూడు గుర్తులున్నాయి, మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. కలిపేస్తే గల్లంతే.

ఐడీ పాత్ స్లాట్‌ని చెబుతుంది. ఏహెచ్‌సీఐ అయితే చివర ఏటీఏ-3 లాంటి అంకె, హెచ్‌బీఏ అయితే ఫై నంబర్. బే మీద "కెమెరా ఏ, బీ, సీ, డీ" అని స్టిక్కర్లు వేసి స్లాట్‌ని బట్టి కెమెరా నిర్ణయించొచ్చు, కానీ మనుషులు తప్పు స్లాట్‌లో పెడతారు.

సీరియల్ నంబర్ డ్రైవ్‌ని చెబుతుంది. ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా మారదు. డ్రైవ్‌లకే రంగు టేపు వేసి, సీరియల్‌ని కెమెరాకి కట్టేయడం మేలు. అప్పుడు ఏ స్లాట్‌లో పెట్టినా ఫర్వాలేదు.

యూయూఐడీ ఆ ఫార్మాట్‌ని చెబుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో అది ఎనిమిది హెక్సా అంకెలే, నాలుగు, హైఫన్, నాలుగు. ఫార్మాట్ చేసినప్పుడల్లా మామూలుగా మారుతుంది. చాలామంది యూడెవ్ రూల్‌లో దీన్నే పెట్టి, డెక్‌లో ఫార్మాట్ చేసిన మర్నాడు "రూల్ పనిచేయట్లేదు" అంటారు. రూల్‌కి పనికిరాదు గానీ చిట్టాకి బంగారం. సీరియల్, యూయూఐడీ జతగా రాసుకుంటే అదే ఒక రీలు నంబర్. కొత్త జత కనిపిస్తే కొత్త రీలు, కొత్త ఫోల్డర్. పాత జత కనిపిస్తే అదే రీలు మళ్లీ వచ్చింది, పాత ఫోల్డర్‌కే కొత్త క్లిప్పులు చేర్చాలి. మీ డెక్‌లు యూయూఐడీ నిజంగా మారుస్తున్నాయో లేదో ఒకసారి ఫార్మాట్ కొట్టి బీఎల్‌కేఐడీ కమాండ్‌తో చూసుకోండి.

ఫోల్డర్ పేరు: తేదీ, కెమెరా అక్షరం, సీరియల్ చివరి నాలుగు అంకెలు, యూయూఐడీ. పొడుగే, కానీ ఢీకొనదు. ఫైల్ పేర్లను నమ్ముకుంటే ఢీకొంటాయి. సోనీ కార్డులన్నీ ఫార్మాట్ అయ్యాక సీ0001.ఎంపీ4 నుంచే మొదలెట్టగలవు, రెండు కార్డులు ఒకే ఫోల్డర్‌లో పడితే రెండోది మొదటిదాన్ని తినేస్తుంది. సోనీ కార్డు ఎప్పుడైనా వస్తే ఎంపీ4లు మాత్రమే ఏరుకోవద్దు, ప్రైవేట్ ఫోల్డర్ ఉన్నదున్నట్టు మొత్తం ఎత్తండి. మెటాడేటా ఎక్స్‌ఎంఎల్‌లు దాంట్లోనే ఉంటాయి.

తెరవెనుక (#5)

బిట్స్ గారూ, సర్వీస్‌లోకి మార్చాక కాపీ ఆగట్లేదు. థాంక్స్. చిట్టా గారూ, ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో చిట్టా పెడుతున్నాను. రెండు సందేహాలు. మౌంట్ రీడ్-ఓన్లీ చేస్తే చాలా, ఇంకేమైనా కావాలా? నాలుగు డ్రైవ్‌లూ ఒకేసారి తోస్తే నాలుగు కాపీలు కలిసి నడవనివ్వాలా, వరసలో పెట్టాలా?

బెజవాడ_బిట్స్ (#6)

ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ (మార్పులను ముందే రాసుకునే పద్దు) లేదు కాబట్టి రీడ్-ఓన్లీ మౌంట్ చాలు. అయినా మౌంట్‌కి ముందు బ్లాక్‌డెవ్ కమాండ్‌తో డివైస్‌నే రీడ్-ఓన్లీ చేసేయండి, ఒక్క లైనే. ఎవరైనా ఈఎక్స్‌టీ4 డ్రైవ్ పెడితే రీడ్-ఓన్లీ మౌంట్ కూడా జర్నల్‌లో మిగిలిన మార్పులను డ్రైవ్ మీద రాసేస్తుంది, దానికి నోలోడ్ ఆప్షన్ కావాలి. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ జర్నల్‌తో ఉంటే లైనక్స్ తనంతట తానే రీడ్-ఓన్లీగా తీసుకుంటుంది, మనకి అదే కావాలి. ఎక్స్‌ఫ్యాట్ డ్రైవర్ కెర్నల్ 5.7 నుంచి లోపలే ఉంది, ఫ్యూజ్ ప్యాకేజీ అక్కర్లేదు.

వరస గురించి: ఎఫ్‌లాక్‌తో (మిగతా కాపీలను ఆపి ఉంచే లాక్ కమాండ్) ఒకసారి రెండే నడపండి. ఒక్కో సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ పైన చదివిస్తుంది, నాలుగు కలిస్తే 2 జీబీ. మీ ఆరు హార్డ్ డిస్కులకి అంత వేగం లేదు. ఇప్పటి 1 గిగాబిట్‌కైతే ఒక్క డ్రైవ్ కూడా ఎక్కువే.

కోఠి_కేబుల్ (#7)

1 గిగాబిట్‌లో చేతికొచ్చేది సెకనుకు 110 ఎంబీ. 1 టీబీకి రెండున్నర గంటలు, మళ్లీ చదివి సరిచూస్తే ఇంకో రెండున్నర. రాత్రి 9కి షూట్ ముగిస్తే ఎడిటర్‌కి ఫుటేజ్ తెల్లారే దొరుకుతుంది. ఉబుంటు మెషీన్‌కీ నాస్‌కీ 10 గిగాబిట్ కార్డులు వేసి, మధ్యలో స్విచ్ లేకుండా ఒక డీఏసీ (రెండు చివర్లా ప్లగ్గులున్న రాగి) కేబుల్‌తో నేరుగా కలపండి. ఈ లింకుకి వేరే సబ్‌నెట్ ఇవ్వండి, ఆఫీసు నెట్‌వర్క్ ఐపీతో కలిపితే ట్రాఫిక్ పాత దారిలోనే పోతుంది. అప్పుడు అడ్డు డిస్కులే. రైడ్-జెడ్2లో డేటాకి నాలుగు డిస్కులు మిగులుతాయి, పూల్ మరీ నిండకపోతే సెకనుకు 500 ఎంబీ దాకా ఆశించొచ్చు. అరగంట, ముప్పావుగంటలో మొదటి కాపీ అయిపోతుంది.

రైడ్-జెడ్2 వెనకున్న ఫైల్‌సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఫుటేజ్ డేటాసెట్‌కి (విడి విభాగానికి) రికార్డ్‌సైజ్ 1ఎం పెట్టండి. కంప్రెషన్ ఎల్‌జెడ్4 అలా వదిలేయండి, ప్రోరెస్ ఎలాగూ తగ్గదు, నష్టమూ లేదు.

ఫ్రిస్కో_ఫ్రేమ్స్ (#8)

టెక్సాస్ నుంచి. మళ్లీ చదివి సరిచూడటం దేనికి అన్నా? ఆర్‌సింక్ ప్రతి ఫైల్‌కీ చివర చెక్‌సమ్ (డేటా నుంచి కట్టే సరిచూసే సంఖ్య) పోల్చుకుంటుంది కదా. టైమ్ సగానికి తగ్గుతుంది. పైగా ఇదంతా మ్యాక్‌లో అయితే దాని సర్వీస్ మేనేజర్ లాంచ్‌డీలో స్టార్ట్-ఆన్-మౌంట్ కీ ఒకటి పెడితే సరి.

డేటా_చిట్టా (#9)

తమ్ముడూ, ఆర్‌సింక్ పోల్చేది దారిలో డేటా చెడిందా అన్నదే. అవతలి ప్రాసెస్ చేతికి అందిన బైట్లకు చెక్‌సమ్ కడుతుంది. అవి డిస్కు మీద సరిగ్గా పడ్డాయా అని తిరిగి చదవదు. ఆ ఖాళీలోనే రైడ్ కార్డు, కేబుల్, ర్యామ్ తప్పులన్నీ దాక్కుంటాయి.

రెండో అడుగు ఇలా. సోర్స్ డ్రైవ్ మీద ఎక్స్‌ఎక్స్‌హెచ్‌సమ్‌తో 128 బిట్ల హ్యాష్ (చెక్‌సమ్ లాంటిదే) లిస్టు తయారుచెయ్యి. ఆ లిస్టుని నాస్‌కి పంపి, అక్కడే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా చెక్ మోడ్‌లో నడిపించు. నెట్‌వర్క్ మీదుగా తిరిగి చదవకూడదు, టైమ్ దండగ, పైగా నీ వైపు క్యాష్ (ర్యామ్‌లో దాచిన కాపీ) అడ్డొస్తుంది. ఎండీ5 కూడా పనిచేస్తుంది గానీ ఒక కోర్ మీద సెకనుకు 500, 600 ఎంబీ దగ్గర ఆగుతుంది. ఎక్స్‌ఎక్స్‌హ్యాష్‌కి సీపీయూ అడ్డే కాదు, డిస్కు ఎంత ఇస్తే అంత.

మోసపోయే చోటు క్యాష్. 64 జీబీ ర్యామ్ ఉన్న నాస్‌లో 40 జీబీ క్లిప్ రాసి వెంటనే హ్యాష్ కడితే, అది డిస్కు నుంచి కాదు, ర్యామ్ నుంచే వస్తుంది. రాసింది రాసినట్టే ఉందని ర్యామ్ సాక్ష్యం చెబుతుంది. డిస్కు నోరు విప్పదు. మామూలు ఫైల్‌సిస్టమ్ అయితే ముందు సింక్, తర్వాత డ్రాప్ క్యాషెస్‌లో 3 రాయాలి. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఏఆర్‌సీ (దాని సొంత ర్యామ్ క్యాష్) అంత తేలిగ్గా వదలదు. నాలుగు డ్రైవ్‌ల కాపీలూ పూర్తయ్యాక మొదటి డ్రైవ్ నుంచి సరిచూడటం మొదలుపెడితే, మధ్యలో వచ్చిన డేటా పాతదాన్ని చాలావరకు బయటికి నెట్టేస్తుంది. ఫూల్‌ప్రూఫ్ కాదు, కానీ జెడ్‌ఎఫ్‌ఎస్‌కి సొంత చెక్‌సమ్‌లు, స్క్రబ్ (డిస్కుల మీది డేటా అంతా చదివి సరిచూసే పని) ఉన్నాయి కాబట్టి ఆ మిగిలిన రిస్కు నాకు ఫర్వాలేదు.

మ్యాక్ విషయం: మ్యాక్ తను మౌంట్ చేసిన డ్రైవ్ మీద స్పాట్‌లైట్, ఎఫ్‌ఎస్‌ఈవెంట్స్ ఫోల్డర్లు రాసేస్తుంది. సోర్స్ మీద ఒక్క బైటూ పడకూడదన్నదే మొదటి నియమం. లైనక్స్‌లో ఆ భయం లేదు. వేరే చోట మ్యాక్‌కి తగిలించిన డ్రైవ్‌లు వస్తే, చుక్క-అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫైళ్లని ఆర్‌సింక్ ఎక్స్‌క్లూడ్‌లో పెట్టండి, హ్యాష్ లిస్టులోనూ వదిలేయండి. ఒకచోట వదిలి ఇంకోచోట మరిస్తే రోజూ ఉత్తుత్తి ఎర్రరే.

పోస్ట్ హౌస్‌లకి ఫుటేజ్ పంపేవాళ్లు హ్యాష్ లిస్టుని ఏఎస్‌సీ ఎంహెచ్‌ఎల్ పద్ధతిలో రాయిస్తే అవతలివాళ్ల సాఫ్ట్‌వేర్ కూడా చదువుతుంది. దానికి పైథాన్ టూల్ ఉచితంగా ఉంది.

ఫ్రిస్కో_ఫ్రేమ్స్ (#10)

క్యాష్ సంగతి నిజమే, ఒప్పుకున్నా. మ్యాక్ మాట వెనక్కి.

తెరవెనుక (#11)

హ్యాష్‌లు సరిపోయాక స్క్రిప్టే డ్రైవ్‌ని ఫార్మాట్ చేసేస్తే? మర్నాడు పొద్దున క్రూకి ఖాళీ డ్రైవ్ రెడీగా ఉండాలి. మేనేజర్ అడుగుతున్నారు.

బెజవాడ_బిట్స్ (#12)

వద్దు. కాపీ ఆటోమేటిక్, చెకింగ్ ఆటోమేటిక్, చెరపడం మాత్రం మనిషి చేత్తో. కాపీలో బగ్ ఉంటే మళ్లీ చేసుకుంటాం. ఫార్మాట్‌లో బగ్ ఉంటే షో పోయినట్టే. పైగా ఇంజెస్ట్ (కాపీ లాగే) మెషీన్‌కి రాసే అధికారమే లేకుండా బ్లాక్‌డెవ్ పెట్టాం కదా, దాన్ని మళ్లీ తెరవడం ఎందుకు?

డెక్‌లో ఫార్మాట్ చేయడమే పద్ధతి, ఆ రికార్డర్‌కి నచ్చిన అమరికలో వస్తుంది. నెట్‌వర్క్ నుంచే చేయాలంటే హైపర్‌డెక్ ఈథర్‌నెట్ ప్రొటోకాల్ ఉంది, పోర్టు 9993. అందులో కూడా ఫార్మాట్ రెండు మెట్లు: మొదట ప్రిపేర్ అంటే ఒక టోకెన్ ఇస్తుంది, ఆ టోకెన్ తిప్పి పంపితేనే చెరుపుతుంది. తయారుచేసినవాళ్లే అంత జాగ్రత్త పడ్డారు.

మేనేజర్‌కి చెప్పండి, ఇంకో నాలుగు ఎస్‌ఎస్‌డీలు కొనమని. రెండు సెట్లు దినం మార్చి దినం తిప్పితే నిన్నటి సెట్ అలమారాలో మూడో కాపీగా ఉంటుంది. కోఠి గారు చెప్పిన కనెక్టర్ అరుగుదలా సగమవుతుంది.

డేటా_చిట్టా (#13)

దానికి తోడు: చిట్టాలో ప్రతి రీలుకీ రెండు టిక్కులు, నాస్ కాపీ సరిపోయింది, రెండో చోట కాపీ సరిపోయింది. రెండూ పడితేనే టెలిగ్రామ్‌లో "ఈ డ్రైవ్ ఫార్మాట్ చేయొచ్చు" అని రావాలి. ఒకే నాస్‌లో రెండు ఫోల్డర్లు పెట్టి రెండు కాపీలు అనుకోవద్దు.

హ్యాష్ సరిపోయిందంటే కాపీ సోర్స్‌లాగే ఉందని మాత్రమే. సోర్సే చెడితే? ప్రతి క్లిప్ మీదా ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్ (వీడియో ఫైల్‌ని పరీక్షించే టూల్) నడిపి నిడివి, వీడియో ట్రాక్, ఆడియో ఛానెళ్ల లెక్క చిట్టాలో రాయండి. రికార్డింగ్‌లో కరెంటు పోతే ఎంఓవీ ఫైల్‌కి చివర రాయాల్సిన మూవ్ అటమ్ (లోపల ఏది ఎక్కడుందో చెప్పే సూచిక) పడదు. ఫైల్ 60 జీబీ ఉంటుంది, ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోదు. హ్యాష్ మాత్రం పచ్చ టిక్కే. ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్ అక్కడే పట్టేస్తుంది. అలాంటి ఫైల్‌ని అన్‌ట్రంక్ అనే రిపేర్ టూల్‌తో లేపొచ్చు, అదే డెక్‌లో అదే సెట్టింగ్‌తో తీసిన మంచి క్లిప్ ఒకటి నమూనాగా ఇవ్వాలి. డెక్‌లకి యూపీఎస్ ఉందా?

తెరవెనుక (#14)

కెమెరాలకి ఉంది, డెక్‌ల ర్యాక్‌కి లేదు. రేపే కలిపిస్తా.

ఇంకో మాట. ఎడిటర్లు నాస్ ఫోల్డర్ తెరిచి, కాపీ అవుతున్న క్లిప్పులనే టైమ్‌లైన్‌లోకి లాగేస్తున్నారు.

బెజవాడ_బిట్స్ (#15)

చుక్కతో మొదలయ్యే దాపరికపు ఫోల్డర్‌లోకి కాపీ చేసి, హ్యాష్ చెక్ అయ్యాక అసలు పేరుతో మూవ్ చేయండి. ఒకే డేటాసెట్‌లో ఉంటే మూవ్ క్షణంలో అవుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రెండు డేటాసెట్ల మధ్య మూవ్ అంటే మళ్లీ మొత్తం కాపీయే, అక్కడ దెబ్బతినకండి. ఆర్‌సింక్‌కి ఇన్‌ప్లేస్ ఆప్షన్ ఇవ్వొద్దు, సగం రాసిన ఫైల్ అసలు పేరుతోనే కూర్చుంటుంది.

పాత రీలు మళ్లీ వస్తే అసలు పేరు ఫోల్డర్ అప్పటికే ఉంటుంది. అప్పుడు ఆర్‌సింక్ కంపేర్-డెస్ట్ ఆప్షన్‌కి దాన్ని ఇస్తే, కొత్త క్లిప్పులే దాపరికపు ఫోల్డర్‌లోకి వస్తాయి.

ఆర్‌సింక్ ఎగ్జిట్ కోడ్ 0 కాకపోతే ఏదైనా ఫెయిలే. 23 వస్తే కొన్ని ఫైళ్లు రాలేదని. కెర్నల్ లాగ్ డీమెసేజ్‌లో ఐ/ఓ (చదవడం, రాయడం) ఎర్రర్లు కనిపిస్తే అదే డ్రైవ్‌తో మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా, డీడీరెస్క్యూతో ముందు డ్రైవ్ మొత్తానికి ఇమేజ్ (నకలు ఫైల్) తీసి ఆ ఇమేజ్ నుంచి కాపీ చేయండి. "సరిగ్గా అన్‌మౌంట్ చేయలేదు, ఎఫ్‌ఎస్‌సీకే నడపండి" అని కెర్నల్ సలహా ఇచ్చినా ఆ రిపేర్ టూల్‌ని సోర్స్ మీద నడపొద్దు.

కోఠి_కేబుల్ (#16)

లైటు అడిగారు కదా. బ్యాక్‌ప్లేన్‌కి లైట్లు నడిపే ఎస్‌జీపీఐఓ గానీ ఎస్‌ఈఎస్ గానీ ఉంటే లెడ్‌మాన్ ప్యాకేజీలో లెడ్‌సీటీఎల్ కమాండ్ ఉంటుంది. కాపీ మొదలవ్వగానే ఆ డ్రైవ్‌కి లొకేట్ లైటు ఆన్, అంతా సరిపోతే ఆఫ్. ఫెయిలైతే ఫెయిల్యూర్ లైటు. మీ బే చవకరకం అయితే ఆ వైరే ఉండదు, అప్పుడు మానిటర్ మీద నాలుగు రంగు డబ్బాలు చూపించడమే దారి.

స్క్రిప్ట్ అన్‌మౌంట్ చేసి, లైటు ఆర్పి, వెంటనే సిస్ కింద ఆ డివైస్ డిలీట్ ఫైల్‌లో 1 రాయాలి. అప్పుడే డ్రైవ్ మోటార్ సవ్యంగా ఆగి, ఆ డ్రైవ్‌ని కెర్నల్ మరిచిపోతుంది. ఎస్‌ఎస్‌డీకి మోటార్ లేదనుకోండి, అయినా అలవాటు మంచిదే.

తెరవెనుక (#17)

లైట్లు పనిచేస్తున్నాయి. క్లిప్పుల టైమ్ మాత్రం నాస్‌లో అయిదున్నర గంటలు తేడా చూపిస్తోంది.

బెజవాడ_బిట్స్ (#18)

డెక్ టైమ్‌జోన్ రాయకుండా లోకల్ టైమ్ మాత్రమే రాస్తోంది, మీ మెషీన్ దాన్ని యూటీసీ అనుకుంటోంది. మౌంట్ ఆప్షన్లలో టైమ్ ఆఫ్‌సెట్ 330 ఇవ్వండి, నిమిషాల్లో. పాత రీళ్లు బేలో మళ్లీ పెట్టేముందు ఒకటి గుర్తుంచుకోండి: టైమ్ మారింది కాబట్టి ఆర్‌సింక్ వాటన్నింటినీ కొత్త ఫైళ్లనుకుని మళ్లీ మొదట్నుంచి లాగుతుంది. ఆ ఒక్కసారికి సైజ్-ఓన్లీ ఆప్షన్‌తో నడపండి, తర్వాత తీసేయండి.